చూసి పోయేవారు, అక్కడే ఉండేవి

మైసూరు జంతుశాలకు మంగళవారం సెలవు. ఆ సంగతి తెలియక దూరాల నుంచి వచ్చినవారు గేటు దగ్గర నుంచే వెనుదిరుగుతుంటారు. చెన్నై దగ్గరి వండలూరులోనూ మంగళవారమే సెలవు. భువనేశ్వర్ దగ్గరి నందన్‌కానన్‌కూ, హైదరాబాదులోని నెహ్రూ జంతుశాలకూ సోమవారం. విహారయాత్రకు బస్సు మాట్లాడుకునే ఉపాధ్యాయులు ముందుగా కనుక్కునే విషయం ఇదే.

బడికి సెలవంటే పిల్లలకూ, పాఠం చెప్పేవారికీ సెలవు. జంతుశాలకు సెలవంటే ఎవరికి? కాపరులు ఆ రోజు కూడా వస్తారు. గదులు కడుగుతారు, మేత కోస్తారు, మాంసం తూస్తారు. పశువైద్యుడు తన చుట్టు తిరిగి వస్తాడు. ఆ రోజు సెలవు దొరికేది జంతువులకే. మనుషుల చూపుల నుంచి, కేకల నుంచి వాటికి ఒక రోజు విశ్రాంతి. వారానికి ఒక రోజైనా సందర్శకులను రానివ్వకూడదని మన దేశపు జంతుశాలల నిబంధనలే చెబుతున్నాయి. చూడటానికి వచ్చేవారు ఉండేది రెండు మూడు గంటలు. జంతువు ఉండేది మిగిలిన గంటలన్నీ, మిగిలిన సంవత్సరాలన్నీ. కనుక ఏ జంతుశాల మంచిదో తేల్చవలసింది ఆ రెండు మూడు గంటలలో కనబడినదాన్ని బట్టి కాదు. ఎన్ని రకాల జంతువులున్నాయి, తెల్లపులి ఉందా లేదా అన్నవి చూసేవారి ప్రశ్నలు. అక్కడి జంతువు ఒక పగలూ ఒక రాత్రీ ఎలా గడుపుతుందన్నదే అసలు ప్రశ్న.

పూర్వం ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. మైసూరు జంతుశాలను 1892లో మహారాజు చామరాజ ఒడెయరు నెలకొల్పారు. మద్రాసులో 1855లోనే మ్యూజియం ఆవరణలో జంతువులను ఉంచడం మొదలైంది. తరువాత అది పీపుల్స్ పార్కుకు మారి, చివరకు 1985లో వండలూరు చేరింది. ఆ కాలంలో పులిని చూపించడమంటే ఇనుప ఊచల వెనుక నిలబెట్టడమే. బోను ఎంత చిన్నదైతే జంతువు అంత దగ్గరగా కనబడేది. అది మంచి వసతి అనుకునేవారు.

1907లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ అనే జంతు వ్యాపారి ఊచలు లేని జంతుశాల తెరిచాడు. జంతువుకూ మనిషికీ మధ్య లోతైన కందకం తవ్వించాడు. ఆ పద్ధతి లోకమంతా పాకింది. నేటి జంతుశాలల్లో సింహానికీ మనకూ మధ్య కనబడే కందకం ఆ వరుసలోనిదే. చూసేవారికి ఊచలు అడ్డం లేవు గనుక సింహం స్వేచ్ఛగా ఉన్నట్టే తోస్తుంది. సింహానికి మాత్రం ఊచ అయినా, గొయ్యి అయినా దాటలేని హద్దే. హద్దుకు ఇవతల అది చేయడానికి ఏదైనా పని ఉందా, ఎండ పడితే నీడ ఉందా, మనుషులు వద్దనిపిస్తే దాగడానికి ఒక పొద ఉందా? కందకం తవ్వినంత మాత్రాన ఇవన్నీ వచ్చి చేరవు.

దాగే చోటు గురించి చాలామంది సందర్శకులకు ఫిర్యాదు. టిక్కెట్టు కొని వస్తే చిరుతపులి కనబడలేదని, డబ్బు దండగైందని అంటారు. నిజానికి చిరుతపులి కనబడని ఆవరణే మంచి ఆవరణ కావచ్చు. పొదలో పడుకుని పగలంతా నిద్రపోవడం దాని స్వభావం. దాన్ని లేపడానికి కేకలు వేసేవారు, రాళ్ళు విసిరేవారు దాని ఇంట్లో దూరి అల్లరి చేస్తున్నట్టే లెక్క.

జంతువుల సంరక్షణ అనగానే పశువైద్యుడే గుర్తుకు వస్తాడు. రోజువారీ సంరక్షణ భారమంతా మోసేది కాపరి. పొద్దున్నే పులి గది దగ్గరకు వచ్చిన కాపరి నిన్న వేసిన మాంసంలో ఎంత మిగిలిందో చూస్తాడు. నీళ్ళ తొట్టి ఎంత తగ్గిందో, మలం ఎలా ఉందో చూస్తాడు. అడవి జంతువు తన జబ్బును దాచుకుంటుంది. అడవిలో బలహీనత బయటపెట్టుకున్న ప్రాణి ఎక్కువ కాలం మిగలదు. అందుచేత కుంటుతున్న పులిని చూసి జబ్బు కనిపెట్టేసరికి ఆలస్యమైపోతుంది. 'ఇవాళ ఇది నన్ను చూసి రోజూలా లేవలేదు' అని కాపరి చెప్పే మాట చాలాసార్లు మొదటి వైద్య నివేదిక. అటువంటి మనిషిని తక్కువ జీతానికి, తాత్కాలికంగా పెట్టుకుని ఏడాదికొకసారి మార్చే చోట ఎంత మంచి ఆసుపత్రి కట్టినా ఉపయోగం తక్కువ.

చాలా జంతుశాలల్లో పులులకూ సింహాలకూ వారానికి ఒక రోజు మాంసం పెట్టరు. విన్నవారికి ఇది పిసినారితనంలా తోస్తుంది. అడవిలో పులికి ప్రతిరోజూ వేట దొరకదు. దొరికిన రోజున కడుపు నిండా తిని, తరువాత రోజుల తరబడి ఊరికే ఉంటుంది. పరుగు లేని చోట రోజూ పొట్ట నింపితే కొవ్వు పడుతుంది. ఇటువంటి ఉపవాసంలో సంరక్షణే ఉంది.

ఒక ఆవరణలో పులి ఈ మూల నుంచి ఆ మూలకు, అదే దారిలో, అదే మలుపు దగ్గర అదే విధంగా తిరుగుతూ ఉంటుంది. చుట్టూ చేరినవారు 'ఎంత హుషారుగా ఉందో!' అని మెచ్చుకుంటారు. ఎలుగుబంటి నిలబడి తల ఊపుతుంటే నాట్యం చేస్తోందంటారు. అది హుషారూ కాదు, నాట్యమూ కాదు. చేయడానికి ఏమీ లేని జంతువు తన రోజును అలా అరగదీసుకుంటోంది. దీనికి మందు ఖర్చుతో కూడుకున్నది కూడా కాదు. కొయ్య దుంగకు రంధ్రాలు చేసి అందులో తేనె పూస్తే ఎలుగు దాన్ని తవ్వి, నాకి, తిప్పి చూస్తూ పూట గడుపుతుంది. కోతుల మేతను పళ్ళెంలో కాకుండా గడ్డిలో చల్లితే అవి వెదుక్కుని తింటాయి. వేసవిలో పండ్ల ముక్కలను మంచుగడ్డలో పెట్టి ఇస్తారు. అడవిలో జంతువు రోజులో పెద్ద భాగం తిండి వెదకడానికే ఖర్చు పెడుతుంది. తిండి ఇచ్చి వెదకడం లాగేసుకుంటే సగం బతుకే ఇచ్చినట్టు.

ఈ మాటలన్నిటికీ ఒకే చోట సాక్ష్యం కావాలంటే నందన్‌కానన్ చాలు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పిల్లలలో అనేకమంది చూసిన జంతుశాల అది. 1960లో మొదలైంది. గౌరవించదగిన పనులూ, ఆలోచించవలసిన పనులూ అక్కడ పక్కపక్కనే కనబడతాయి.

ఘరియాల్ అనేది సన్నని పొడుగు మూతి గల మొసలి. పెద్ద మగదాని మూతి చివర చిన్న కుండ వంటి బుడిపె ఉంటుంది. చేపలే దాని ఆహారం. 1970ల మధ్య నాటికి అడవి నదులలో పెద్ద ఘరియాళ్ళు కేవలం రెండు వందల దాకా మిగిలాయని అంచనా. 1975లో కేంద్ర ప్రభుత్వం మొసళ్ళ రక్షణ పథకం ప్రారంభించింది. నందన్‌కానన్‌లో ఆడ ఘరియాళ్ళున్నా తగిన మగది లేకపోతే, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జంతుశాల నుంచి ఒక మగదాన్ని తెప్పించారు. గంగా, మహానదుల ప్రాణి జర్మనీ నుంచి తిరిగి రావలసి వచ్చిందన్నమాట! 1980లో అక్కడ గుడ్లు పొదిగి పిల్లలు బయటికి వచ్చాయి. మనుషుల రక్షణలో ఘరియాల్ పిల్లలు పుట్టడం ప్రపంచంలో అదే మొదటిసారి.

కథ అంతటితో సుఖాంతం కాలేదు. మహానదిలోని సాత్‌కోసియా లోయలో వదిలిన వందల పిల్లల్లో చాలా భాగం మిగలలేదు. చేపల వలలలో చిక్కి కొన్ని, ఇతర కారణాలతో కొన్ని పోయాయి. జంతుశాల పిల్లలను ఇవ్వగలదు గానీ నదిని ఇవ్వలేదు. తరువాత మళ్ళీ వదిలారు, జాలరులతో మాట్లాడారు, కాపలా పెంచారు. 2021 వేసవిలో సాత్‌కోసియా ఇసుకలో ఘరియాల్ పిల్లలు సహజంగా పొదగబడి కనిపించాయి. లెక్క పెడితే 28. సుమారు నలభై ఏళ్ళ ప్రయత్నానికి అది ప్రతిఫలం. అయినా నందన్‌కానన్‌కు వచ్చేవారిలో ఎంతమంది ఘరియాల్ కొలను దగ్గర ఆగుతారు? ఎండలో కదలకుండా పడి ఉండే ప్రాణి ముందు జనం నిలబడరు.

జనం నిలబడేది తెల్లపులి దగ్గర. అదే 1980లో, దీపక్, గంగ అనే మామూలు రంగు పులులకు మూడు తెల్ల పిల్లలు పుట్టాయి. అవి నందన్‌కానన్‌కు పేరు తెచ్చాయి. తెల్లపులి వేరే జాతి కాదు. మామూలు పులిలోనే అరుదుగా తలెత్తే ఒక లక్షణం వల్ల ఆ రంగు వస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ లక్షణం అందితేనే పిల్ల తెల్లగా పుడుతుంది. 1951లో రేవా మహారాజు పట్టించిన మోహన్ అనే తెల్లపులిని దాని కూతురుతోనే జత కట్టించి తెల్ల పిల్లలను పుట్టించారు. దగ్గరి రక్తసంబంధం గల పులులను ఇలా తరాల తరబడి కలిపినందువల్ల మెల్లకన్ను, ఇతర అవలక్షణాలు వచ్చాయి. రంగు కోసం పులిని బలహీనపరచడం సంరక్షణ అనిపించుకోదు. అడవిలో తెల్లరంగు పులికి వేటలో మేలు చేయదు గనుక, ఆ పిల్లలను అడవికి పంపే ఆలోచన కూడా లేదు. ఘరియాల్ పిల్ల పుట్టినది నది కోసం. తెల్లపులి పిల్ల పుట్టినది టిక్కెట్టు కోసం. ఒకే ఆవరణలో, ఒకే సంవత్సరంలో జరిగిన ఈ రెండు పుట్టుకలకు ఉన్న తేడా చిన్నది కాదు.

2000 సంవత్సరం జులైలో ఆ జంతుశాలలో పదికి పైగా పులులు కొద్ది రోజుల తేడాలో చనిపోయాయి. వాటిలో తెల్లవి ఎక్కువ. జోరీగల వంటి కుట్టే ఈగలు మోసుకువచ్చే ఒక సూక్ష్మ పరాన్నజీవి రక్తంలో చేరడమే కారణమని తేలింది. పశువులకు ఎరుకైన జబ్బే, ట్రిపనోసోమియాసిస్. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాదు జంతుశాలలో ఒక ఆడపులిని దాని ఆవరణలోనే చంపి చర్మం ఒలుచుకుపోయారు. ఈ రెండూ సందర్శకుల కళ్ళ ముందు జరిగినవి కావు. ఈగలను అరికట్టడం, రక్తం పరీక్షించడం, రాత్రి కాపలా తిరగడం ఎవరికీ చూపించే పనులు కావు. వాటికి నిధులు అడిగితే రావడం కష్టం. కొత్త జంతువును తెస్తామంటే సులభంగా వస్తాయి.

నందన్‌కానన్‌ను వదిలే ముందు ఒక విచిత్రమైన సంగతి. 1967లో పక్కనున్న చందకా అడవి నుంచి ఒక ఆడపులి తనంత తానే వచ్చి జంతుశాలలోకి దూకింది. లోపలి మగపులి కోసం వచ్చిందని అనుకున్నారు. దానికి కానన్ అని పేరు పెట్టారు, అది అక్కడే ఉండిపోయింది. జంతువులు జంతుశాలనే కోరుకుంటాయని వాదించేవారికి ఈ కథ చాలా ఇష్టం. 2013లో మరో అడవిపులి అలాగే లోపలికి వచ్చింది. కొన్ని వారాలు ఉండి, ఎత్తైన కంచె ఎక్కి వెళ్ళిపోయింది. ఆ రెండో పులి గురించి వారు సాధారణంగా చెప్పరు.

జంతుశాలలన్నిటినీ మూసివేయాలనేవారు కూడా ఉన్నారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. అయితే మూసిన మరునాడు ఆ జంతువులు ఎక్కడికి పోతాయి? పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలాడించడాన్ని ప్రభుత్వం 1998లో నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. సర్కసుల నుంచి విడిపించిన సింహాలకూ పులులకూ వేటాడటం తెలియదు. వాటికి విశాఖపట్నం, తిరుపతి, వండలూరు, బన్నేరుఘట్ట వంటి చోట్ల జంతుశాలలను ఆనుకుని పునరావాస కేంద్రాలు కట్టారు. అవి బతికినంత కాలం అక్కడే బతికాయి. ఇక హైదరాబాదు జంతుశాలలో 2010 నుంచి మూషిక జింకలను పెంచుతున్నారు. కుందేలంత ఉండే ఈ సిగ్గరి ప్రాణిని పెంచి, నల్లమలలోని అమ్రాబాదు అడవిలో వదిలారు. దాన్ని చూడటానికి టిక్కెట్టు కొనేవారు ఎవరూ లేరు. అందుకే ఆ పని మరింత మెచ్చదగినది.

అన్ని ప్రాణులకూ ఈ వాదం వర్తించదు. కొన్నిటికి మనిషి ఎంత మంచి మనసుతో కట్టినా సరిపడే ఇల్లు కట్టలేడు. ఏనుగు గుంపులో పుట్టి, గుంపుతో రోజూ మైళ్ళు నడిచే జంతువు. జంతుశాలల్లోని ఏనుగులను అడవి శిబిరాలకు తరలించాలని కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లో ఆదేశించింది. అది అన్నిచోట్లా అమలు కాలేదు. ఢిల్లీ జంతుశాలలో శంకర్ అనే ఆఫ్రికా ఏనుగు ఉండేది. 1990లలో జింబాబ్వే దేశం కానుకగా పంపిన జంటలో అది మగది. తోడుగా వచ్చిన ఆడది కొన్నేళ్ళకే చనిపోయింది. శంకర్ సుమారు ఇరవై ఏళ్ళు తన జాతి ప్రాణి తోడు లేకుండా బతికింది. 2024లో ప్రపంచ జంతుశాలల సంఘం దాని స్థితి చూసి ఢిల్లీ జంతుశాల సభ్యత్వాన్ని నిలిపివేసింది. 2025 సెప్టెంబరులో శంకర్ చనిపోయింది. రెండు దేశాల స్నేహానికి గుర్తుగా ఒక ప్రాణిని ఇచ్చి పుచ్చుకోవడం గౌరవమనుకునే ఆచారం ఇంకా పోలేదు. ఆ గౌరవం ఖరీదు కట్టినది శంకర్.

సముద్రపు జంతువుల సంగతి మరీ కష్టం. డాల్ఫిన్ శబ్దాన్ని పంపి, అది తగిలి తిరిగి వచ్చే తీరును బట్టి తన చుట్టూ ఏముందో తెలుసుకుంటుంది. సిమెంటు తొట్టిలో అన్ని వైపులా గోడలే. 1998లో చెన్నై దగ్గరి సముద్ర తీరాన ఒక వినోదశాలకు బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెచ్చారు. కొద్ది నెలలలోనే అవి చనిపోయాయి. 2013లో డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వవద్దని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు తెలియజేసింది. ఎన్నో సంపన్న దేశాలు ఇంకా తీసుకోలేని నిర్ణయం అది. ముంబయిలో పెంగ్విన్ల కథ కొంత భిన్నం. 2016లో దక్షిణ కొరియాలోని సియోల్ నుంచి ఎనిమిది హంబోల్ట్ పెంగ్విన్లు వచ్చాయి. కొన్ని నెలలకే ఒకటి చనిపోయింది. మిగిలినవి చల్లబరచిన గదిలో నిలదొక్కుకుని పిల్లలను కూడా పెట్టాయి. కనుక సంరక్షణ లేదని అనలేం. అయితే పెరూ, చిలీ తీరాల పక్షికి ముంబయి ఎండలో రాత్రింబవళ్ళు యంత్రాలతో చలి పుట్టించే ఖర్చును, ఈ దేశపు నదుల్లో, అడవుల్లో తరిగిపోతున్న ప్రాణుల పక్కన పెట్టి తూచి చూడవలసి ఉంటుంది.

ఇక చూడవచ్చేవారి పాత్ర. జంతుశాలలోని జంతువును ఏడిపించడం, గాయపరచడం, తినుబండారాలు వేయడం, గోలచేసి బెదరగొట్టడం వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరాలు. వేరుశనగకాయల సంచీని ప్లాస్టిక్‌తో సహా మింగిన జింక బాధ పడుతుందని, కొలనులో పడేసిన నాణెం మొసలి కడుపులో చేరుతుందని వేసినవారు ఊహించరు. కోవిడ్ కాలంలో మనుషుల నుంచి జంతువులకు ఏమి అంటగలదో లోకం చూసింది. 2021 మే నెలలో హైదరాబాదు జంతుశాలలోని ఎనిమిది సింహాలకు ఆ వ్యాధి సోకినట్టు తేలింది. అవి కోలుకున్నాయి. మరుసటి నెలలో వండలూరులో నీలా అనే ఆడసింహం కోలుకోలేదు.

ఆ నెలల్లో గేట్లన్నీ మూసి ఉన్నాయి. టిక్కెట్ల డబ్బు రాలేదు. మేత ఖర్చు మాత్రం ఆగలేదు. ఒక జంతువు ఏడాది పోషణ ఖర్చును ఎవరైనా భరించే దత్తత పథకం మైసూరు జంతుశాలలో 2001 నుంచి ఉంది. పాముకో, పావురానికో తక్కువ, ఏనుగుకు ఎక్కువ. 2020లో మూత పడిన ఆ కాలంలో కూడా దత్తతకు, విరాళాలకు డబ్బు పంపినవారున్నారు. తాము పోషించిన జంతువును ఆ రోజుల్లో వారు వెళ్ళి చూసే వీలు లేదు. గేటు తాళం వేసి ఉంది. లోపల కాపరులు మాంసం తూస్తున్నారు.